బతుకమ్మకు పూసే పెరడు

ఖమ్మం జిల్లా బోనకల్ చుట్టుపక్కల ఊళ్లలో పూలమొక్కలు పెంచేవాళ్లకు ఏడాది ఉగాదితో మొదలవదు. మృగశిర కార్తెలో తొలి వాన పడి, నేల మెత్తబడ్డాక మొదలవుతుంది. ఎండాకాలమంతా ఇంటిల్లిపాదికీ పూలిచ్చిన మల్లెపొద అప్పటికి అలసి ఆకు మీద పడుతుంది. దడి పక్కన, బావి గట్టున, గాబు నీళ్లు పారే వారగా జానెడు చోటు చూసి బంతి నారు పోస్తారు. శ్రావణానికి మొక్క గుబురు కట్టాలి, భాద్రపదంలో మొగ్గ తొడగాలి, బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్య నాటికి పూలు చేతికి రావాలి. ఈ లెక్క ఎక్కడ తప్పినా ఆ ఏడాది తాంబాలం బజారు పూలతో నిండాల్సిందే.

దేశమంతా వసంతాన్ని పూల కాలం అంటుంది. ఖమ్మం జిల్లా పెరళ్లకు మాత్రం అసలైన పూల కాలం వానలు వెనకబడి శరత్తు వచ్చే ఆ నెలా నెలన్నరే. ఉత్తర, హస్త కార్తెల్లో ఒకపూట ఎండ చురుక్కుమంటుంది, మరోపూట జల్లు పడుతుంది. నేలలో తేమ ఉంటుంది, పైన వెలుతురు ఉంటుంది. అంతకు ముందు నెలంతా తడిసి ముద్దయిన మొక్క అప్పుడే ఒళ్లు విరుచుకుంటుంది.

బోనకల్‌ది సరిహద్దు నేల. 1889లో బెజవాడ దాకా పూర్తయిన నిజాం రైలు మార్గం మీద, ఖమ్మానికీ మధిరకూ మధ్య ఉంటుందీ స్టేషన్. 1947 దాకా ఇటు నిజాం రాజ్యం, కాస్త దూరం పోతే అటు ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లా. 1956లో ఆ గీత చెరిగిపోయింది, 2014లో మళ్లీ పడింది. గీత ఉన్నా లేకపోయినా పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఆగలేదు, వాటితో పాటు విత్తనాలూ ఆగలేదు. పాత ఖమ్మం జిల్లాకు ఇంకో అంచు ఉత్తరాన, తూర్పున ఉండేది. కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోయేకొద్దీ చేలు తగ్గి అడవి చిక్కబడుతుంది. అందుకే ఈ ప్రాంతపు పెరట్లో పూసే పువ్వుల పుట్టుక వెతికితే మూడు దారులు కనిపిస్తాయి. కొన్ని అడవి నుంచీ బీడు నుంచీ వచ్చాయి, కొన్ని చేలగట్ల మీద నుంచి వచ్చాయి, మిగిలినవి సముద్రం దాటి వచ్చాయి.

ఏ దారిన వచ్చినా, మొక్క తన నెలను ఎలా గుర్తుపడుతుందన్నది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. వానే కారణమని కొందరు, చల్లదనమే కారణమని కొందరు అనుకున్నారు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు, సోయాచిక్కుడు మొక్కల మీద పరీక్షలు చేసి 1920లో సంగతి తేల్చారు. చాలా మొక్కలు పగటి నిడివిని బట్టి పూస్తాయి. ఆ తర్వాతి పరిశోధనలు ఇంకో మెట్టు ఎక్కి, మొక్క నిజానికి కొలిచేది చీకటినని చూపించాయి. బోనకల్ ప్రాంతంలో జూన్ చివర పగలు 13 గంటల పైన ఉంటుంది. డిసెంబరుకు 11 గంటల చిల్లరకు తగ్గుతుంది. నడుమ పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యేది సెప్టెంబరు 22, 23 తేదీల్లో. బతుకమ్మ వచ్చేది ఆ రోజులకు కాస్త అటూఇటుగానే. పంచాంగం చంద్రుణ్ని చూసి అమావాస్యను నిర్ణయిస్తుంది, చామంతి సూర్యుణ్ని చూసి మొగ్గ వేస్తుంది, ఇద్దరూ దాదాపు ఒకే చోట కలుసుకుంటారు.

ఈ విషయంలో చామంతికి పట్టింపు ఎక్కువ. రాత్రంతా వీధిలైటు వెలుతురు పడే చోట కుండీ పెడితే ఆ మొక్క పచ్చగా, ఏపుగా పెరుగుతుంది గానీ మొగ్గ మాత్రం వేయదు. పక్కనే గోడనీడలో ఉన్న చామంతి మొగ్గలతో విరగబడుతుంటే ఇది ఆకులతోనే ఉండిపోతుంది. ఎరువు తక్కువైందనుకుని పిడికెడు వేస్తే ఆకు ఇంకా ముదురుతుందే తప్ప లాభం లేదు. కుండీని నాలుగు అడుగులు పక్కకు జరిపి, రాత్రి దానికి రాత్రిగా ఉండనివ్వాలి. బంతికి ఇంత పట్టింపు లేదు, ఏడాదిలో ఎప్పుడైనా పూస్తుంది. అయినా పగలు కురచవుతున్న కొద్దీ దాని జోరు పెరుగుతుంది.

భాద్రపద అమావాస్యను తెలంగాణలో పెత్రమాస అంటారు. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల బతుకమ్మలు దాటి తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో పండుగ ముగుస్తుంది. ఆరో రోజు బతుకమ్మ అలిగిందని పూలు పేర్చరు. బతుకమ్మకు ముందు భాద్రపదంలో పెళ్లికాని ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడతారు. పెరట్లో ఏ మొక్క ముందు పూస్తుంది, ఏది సద్దుల దాకా ఆగుతుంది అన్న లెక్క ఇళ్లలో ఆ రోజుల్లోనే మొదలవుతుంది. తొలి రోజుల బతుకమ్మ చిన్నది, నాలుగు గుప్పెళ్ల పూలు చాలు. సద్దుల నాటిది పెద్దది, గంపల కొద్దీ కావాలి. అందుకే మొదటి వారం బంతిపూలను తెంపనివ్వకుండా కాపలా కాసే అమ్మమ్మలు ప్రతి వాడలోనూ కనిపిస్తారు.

పేర్చడం ఒక పనితనం. సిబ్బిలోనో తాంబాలంలోనో గుమ్మడాకులు పరిచి, అంచు చుట్టూ తంగేడు పెడతారు. గునుగు కాడలను సమానంగా కత్తిరించి, చిన్న కట్టలుగా దారంతో కట్టి, తలలను రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. తెల్ల గునుగు అలా గులాబీ రంగూ ఆకుపచ్చా ఊదా అవుతుంది. ఒక వరస గునుగు, ఒక వరస బంతి, ఆపైన చామంతి, పోకబంతి, కట్లపూలు, నందివర్ధనం. లోపల బోలుగా ఉన్న చోట ఆకులూ తుంచిన కాడలూ కూరుతారు, లేకపోతే పైవరస కుంగుతుంది. కొసన గుమ్మడిపువ్వు పెట్టి, దాని మీద పసుపు గౌరమ్మను నిలుపుతారు.

ఇప్పుడు అదే బతుకమ్మను పైనుంచి కిందికి విప్పుకుంటూ పోతే చరిత్ర బయటపడుతుంది.

కొసన ఉన్న గుమ్మడిపువ్వు అమెరికా ఖండపు మొక్కది. బూడిదగుమ్మడి ఆసియాదే, తరతరాలుగా మన దగ్గర ఉన్నదే. పసుపు పచ్చని పెద్ద పువ్వు పూసే తీపిగుమ్మడి మాత్రం కొలంబస్ ప్రయాణాల తర్వాతే ఈ గడ్డ మీదికి వచ్చింది. దాని కింద ఉన్న బంతి మెక్సికోది. అక్కడి అజ్‌టెక్ ప్రజలు దాన్ని పూజల్లోనూ వైద్యంలోనూ వాడారు. నేటికీ నవంబరు మొదటి రెండు రోజుల్లో మెక్సికోవాళ్లు చనిపోయిన పెద్దలను తలుచుకుంటూ సమాధుల నిండా బంతిపూలు పరుస్తారు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల రాకపోకలు మొదలయ్యాక బంతి భారతదేశపు తీరానికి చేరింది. పోకబంతిదీ, సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకునే చంద్రకాంతదీ కూడా ఆ ఖండమే. చామంతిది చైనా. అక్కడ దాన్ని వేల ఏళ్లుగా పెంచుతున్నారు.

మరి మిగిలినవి? అడుగు వరసలోని తంగేడు దక్కన్ బీళ్లది. గునుగు వానాకాలపు చేలలో దానంతటదే మొలిచేది. బీరపువ్వు, తామర, నందివర్ధనం ఈ దేశపువే. గోరింటపూల మొక్క కూడా ఇక్కడిదే, ఇక్కడి నుంచే యూరపు తోటలకు వెళ్లింది.

దీన్ని బట్టి ఒక మాట ధైర్యంగా చెప్పొచ్చు. బంతి వరసలతో, గుమ్మడిపువ్వు కొసతో ఈరోజు కనిపించే బతుకమ్మ రూపం నాలుగైదు వందల ఏళ్లకు మించినది కాదు. కాకతీయుల కాలంలో ఓరుగల్లు, ఖమ్మం ప్రాంతాల ఆడవాళ్లు శరత్తులో పూలు పేర్చి ఆడి ఉంటే, ఆ పేర్పులో తంగేడు, గునుగు, తామర, బీరపువ్వు ఉండి ఉంటాయి గానీ బంతి ఉండే వీలు లేదు. ఇది పండుగ పాతదనాన్ని తగ్గించే మాట కాదు. ఎక్కడి నుంచో వచ్చిన పువ్వును ఇంటిదాన్ని చేసుకుని, అది లేకపోతే పండుగే లేదనిపించేంత దగ్గరకు తీసిన పెరటి ఆడవాళ్ల ఘనత అందులో ఉంది. ఏ రాజాజ్ఞా లేకుండా, ఏ వ్యవసాయ శాఖా చెప్పకుండా జరిగిన పని అది.

రాజుల తోటల గురించి రాతలు దొరుకుతాయి. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, అక్కడ గులాబీలు ఎక్కడ చూసినా అమ్ముతున్నారనీ, జనానికి అవి తిండితో సమానమనీ రాసుకున్నాడు. ఆ తర్వాత కృష్ణదేవరాయల ఆస్థానంలో నంది తిమ్మన ఏకంగా ఒక పూలచెట్టు చుట్టూనే 'పారిజాతాపహరణం' కావ్యం నడిపాడు. స్వర్గం నుంచి తెచ్చిన పారిజాతం చివరికి చేరేది సత్యభామ పెరటికే. కథ పురాణానిదైనా పువ్వు కోసం సవతుల మధ్య వచ్చిన ఆ తగవు మాత్రం ఏ వాడలోనైనా నమ్మదగిందే. పక్కింటి చెట్టు పూలు మనింట్లో రాలితే ఎంత మురిపెమో, మన చెట్టు పూలు గోడ అవతల రాలితే అంత ఉడుకుమోత్తనం.

పారిజాతం ఈ జిల్లాకు స్వర్గం నుంచి రానక్కరలేదు, ఎండిన కొండల అడవుల్లో అది దానంతటదే పెరుగుతుంది. బతుకమ్మ రోజుల్లోనే దాని పూత ఉధృతం. పొద్దుగూకాక విచ్చుకుని, తెల్లారేసరికి నేల మీద రాలి ఉంటాయి. పూజకు కింద రాలిన పువ్వు పనికిరాదన్న నియమం దీనికి వర్తించదు. ఏరేటప్పుడు కాడను వేళ్ల మధ్య నలిపితే నారింజ రంగు అంటుకుంటుంది. ఆ కాడలను ఎండబెట్టి మరిగించి పూర్వం బట్టలకు రంగు వేసేవాళ్లు.

మామూలు ఇళ్ల పెరళ్ల గురించి మాత్రం పాత రాతలు అరుదు. ఆ లోటును కొంత తీర్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, 1780లలో సామర్లకోటలో ఉంటూ గోదావరి ప్రాంతపు మొక్కలను పరిశీలించాడు. ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమాండల్ మొక్కల సంపుటాల్లో 300 చిత్రాలున్నాయి. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లాక కూడా, రాసిన వర్ణనల్లో చాలా మొక్కలకు తెలుగు పేర్లు జతచేశాడు. ఆ పేర్లు చెప్పినవాళ్ల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. ఏ మొక్క అడవిది, ఏది దొడ్లో పెంచేది అన్న తేడా ఆయనకు చెప్పిన రైతులూ వైద్యులూ ఆడవాళ్లూ ఆ పుస్తకాలకు సగం రచయితలు.

బోనకల్ పెరడును ఇరవయ్యో శతాబ్దంలో అన్నిటికంటే ఎక్కువగా మార్చింది సాగర్ నీళ్లు. 1955 డిసెంబరు 10న పునాది పడిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ ఖమ్మం జిల్లాలోకి వచ్చింది, దాని కొమ్మల్లో ఒకటి బోనకల్ పేరుతోనే ఉంది. వానమీద ఆధారపడిన జొన్న, పెసర చేల స్థానంలో వరి, మిర్చి, పత్తి పెరిగాయి. పెరటి బావుల్లో నీళ్లు నిలిచాయి, వేసవిలో కూడా నాలుగు కుండీలు బతికించుకునే వీలు కలిగింది. అదే మార్పు గునుగుకు గడ్డుకాలం తెచ్చింది. జొన్నచేలో కలుపుగా మొలిచి, ఆకు కూరకూ పువ్వు పండుగకూ పనికొచ్చిన మొక్క అది. కలుపు మందులు చల్లే చేలలో దానికి చోటు లేదు. ఒకప్పుడు పిల్లలు పొద్దున్నే వెళ్లి ఒడినిండా కోసుకొచ్చిన గునుగు ఇప్పుడు బజార్లో కట్టల లెక్కన అమ్ముతున్నారు. కొందరు ఆడవాళ్లు చిటికెడు నల్లటి గింజలు తెచ్చి బంతి పక్కనే పెరట్లో చల్లుకోవడం మొదలుపెట్టారు. కలుపు మొక్క తోట మొక్కగా మారడం ఈ తరం చూస్తున్న చరిత్ర.

తంగేడుది మరో కథ. దాని చెక్కలో ఉండే వగరు తోళ్లను పదును చేయడానికి పనికొస్తుంది కాబట్టి తోళ్ల పరిశ్రమ దాన్ని ఎంతోకాలం ఆశ్రయించింది. ఇప్పుడు ఆ గిరాకీ పోయింది గానీ బీళ్లే పోతున్నాయి. 2014లో కొత్త రాష్ట్రం తంగేడును రాష్ట్ర పుష్పంగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. మూడూ ఈ ఋతువువే. తంగేడు బతుకమ్మది, మిగిలిన రెండూ దసరావి. ఒక రాష్ట్రం తన గుర్తులను దాదాపు ఒకే పక్షం రోజుల్లోంచి ఏరుకోవడం చూస్తే, శరత్తు ఇక్కడి మనుషులకు ఎంత దగ్గరో అర్థమవుతుంది.

పత్తి, మిర్చి చేలు బంతిని మాత్రం వెళ్లగొట్టలేదు, లోపలికి పిలిచాయి. పత్తికి పట్టే శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగు బంతిపూల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. అందుకని గట్ల వెంట, సాళ్ల మధ్య ఎర పంటగా బంతి వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. బంతి వేళ్ల నుంచి ఊరే రసాయనం నేలలోని నులిపురుగులను తగ్గిస్తుందని కూడా తేలింది. దాంతో సెప్టెంబరు చివర్లో ఖమ్మం పల్లెల్లో పెరటి దడికి అవతల కూడా పసుపు గీతలు కనిపిస్తాయి. పొలం మందు పని బంతి చేస్తుంది, పండుగ నాటికి ఆ పూలు ఇంటికే వస్తాయి.

పట్టణంలో పెరడు కుంచించుకుపోయి డాబా మీదికి ఎక్కింది. గోదావరి దిగువన కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు ఖమ్మం వీధుల్లో బండ్ల మీద అమ్ముడవుతాయి. అప్పటికే నాలుగు పూలు విచ్చుకున్న గుబురు బంతి కుండీ చూడ్డానికి బాగుంటుంది. కానీ అది పొట్టిరకం, కుండీకీ అలంకారానికీ తీర్చిదిద్దింది. గంపల కొద్దీ పూలు కావాలంటే నడుమెత్తు పెరిగే నాటుబంతే కావాలి. నారు నాటిన నెల లోపే దాని తల గిల్లేయాలి. కొత్తగా మొక్కలు పెంచేవాళ్లకు ఆ పని చేయడానికి మనసొప్పదు, మొదటి మొగ్గను తుంచడం పాపంలా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క కొస పోతే పక్కల నుంచి అరడజను కొమ్మలు లేస్తాయి, ప్రతి కొమ్మా పూస్తుంది.

డాబా తోటకు మరో జాగ్రత్త కావాలి. 2016 వానాకాలంలో బోనకల్ మండలం డెంగీతో అల్లాడిపోయింది, రావినూతల లాంటి ఊళ్లలో ఇంటింటా జ్వరాలు. ఆ జ్వరాన్ని మోసే దోమ మురుగులో కన్నా ఇంటి చుట్టూ నిలిచే మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. కుండీల కింది పళ్లాలు, తామర తొట్లు, పాత టైర్లు దానికి చాలు. పూలను ప్రేమించేవాళ్లు భాద్రపదంలో వారానికోసారి పళ్లాలన్నీ బోర్లించాలి, తామర తొట్టిలో నాలుగు గప్పీ చేపలు వేయాలి.

నీళ్లు మరో రకంగానూ పరీక్ష పెట్టాయి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలోని కాలనీలను ముంచెత్తింది. ఆ ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 2న, అంటే సరిగ్గా నెల రోజుల వ్యవధి. బంతి వేరు రెండు మూడు రోజులు నీళ్లలో నానితే కుళ్లుతుంది, మొక్క నిలబడే వాడిపోతుంది. ఇల్లు కడుక్కోవడానికే దిక్కులేని చోట కొత్త నారు పోసి పండుగకు పూయించే మాటే లేదు.

ఈ పెరడు సముద్రాలు కూడా దాటింది. అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాల తెలుగువాళ్లకు బతుకమ్మ వచ్చే సమయం అక్కడి వేసవి తోటలకు చివరి ఘట్టం. మే నెలలో వేసిన బంతి సెప్టెంబరు చివర దాకా విరగబూస్తుంది, అక్టోబరులో మంచు కాటు తగిలిన మరునాడే నల్లబడిపోతుంది. ఆ నాలుగు వారాల సందులోనే పండుగ పడుతుంది. దుకాణాల ముందు చామంతి కుండీలు బారులు తీరేదీ అప్పుడే, ఎందుకంటే అక్కడా పగలు కురచయ్యే కాలం అదే. గునుగు అక్కడ అలంకారపు మొక్కగా దొరుకుతుంది, తంగేడు మాత్రం దొరకదు. బంతి తన సొంత ఖండానికి తిరిగి వెళ్లి, తెలంగాణ ఆడపడుచుల చేతుల్లో బతుకమ్మెక్కుతోంది. ఆస్ట్రేలియాలో లెక్క తలకిందులు. అక్కడ అక్టోబరు వసంతం, పగళ్లు పెరుగుతుంటాయి. పెరటి చామంతి పూసేది ఏప్రిల్, మే నెలల్లో. మెల్‌బోర్న్ ఇళ్లలో బతుకమ్మకు చామంతి కావాలంటే కొనుక్కోవాల్సిందే.

విత్తనం గురించి చెప్పకుండా ఖమ్మం తోటల కథ పూర్తి కాదు. ఆ జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యను లోకం వనజీవి రామయ్యగా ఎరుగును. 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు. ఆయన పని మొదలయ్యేది గుంత తవ్వడంతో కాదు, ఎండాకాలంలో చెట్ల కింద తిరిగి గింజలు ఏరి సంచుల్లో దాచడంతో. ఆయన చేసింది రోడ్ల వెంట చెట్ల కోసం. పెరటి ఆడవాళ్లు అదే పని పూల కోసం చేస్తూ వచ్చారు.

సద్దుల నాడు చెరువుకు పోయే బతుకమ్మలోకి మొక్కకున్న పూలన్నీ పోవు. కింది కొమ్మల్లో బాగా విచ్చుకున్న నాలుగైదు పూలను తెంపకుండా వదిలేస్తారు. అవి కాడ మీదే ఎండి గోధుమరంగుకు వస్తాయి. తెంపి రేకులు లాగితే సన్నటి నల్లగింజలు, కొసన లేతరంగు పీచుతో, ఒక్క పువ్వులోంచే వందకు తక్కువ కాకుండా రాలుతాయి. వాటిని రెండు రోజులు నీడన ఆరబెట్టి, గుడ్డలో మూటగట్టి, వంటింట్లో దూలానికి వేలాడదీస్తారు. మిగిలిన మొక్క ఊరికే ఉండదు. దీపావళికి గుమ్మం దండలు, కార్తీకంలో శివాలయానికి మాలలు దాని నుంచే. సరిహద్దు ఊళ్లలో కృష్ణా వైపు నుంచి వచ్చిన కోడళ్లకు సంక్రాంతి గొబ్బెమ్మల మీద గుచ్చడానికి కూడా బంతే కావాలి, అందుకని ధనుర్మాసం దాకా రెండు మూడు మొక్కలకు నీళ్లు పోస్తూనే ఉంటారు. జనవరి దాటాక పీకేసి, ఆ మడిలో గోంగూరో తోటకూరో చల్లుతారు.